మూడో పాట పేరు డెల్ఫీన్

ఆకుకూరలో ఇసుక పోవాలంటే నాలుగు నీళ్ళు మార్చాలి. డెల్ఫీన్ మూడో నీళ్ళు పారబోస్తుండగా భర్త రాస్కో వచ్చి తడి గట్టుమీద ఒక సీడీ పెట్టాడు. "శనివారం రేడియోలో దీన్ని వెయ్యి" అన్నాడు, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా. ఆమె కూర వదిలేసి, అట్ట తడవకుండా ముందు గట్టు తుడిచింది. అట్టమీద ట్రంపెట్ పట్టుకుని రాస్కో. ముప్ఫై ఏళ్ళు ఒకళ్ళ వెనకో మరొకళ్ళ వెనకో నిలబడి ఊదినవాడికి, యాభై ఎనిమిదో ఏట సొంత పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్ అది. "వెనక్కి తిప్పి చూడు" అన్నాడు. వెనక ఎనిమిది పాటల పేర్లున్నాయి. మూడోదాని పేరు 'డెల్ఫీన్'. చేతులు తడిగా ఉండి ఆమె కళ్ళు తుడుచుకోలేకపోయింది.

ఆ ముప్ఫై ఏళ్ళూ అతను టొలీడోలోనో క్లీవ్‌లాండ్‌లోనో ఊదుతుంటే, డెట్రాయిట్‌లో ఈ ఇంటి పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా చూసింది ఆమె. ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. తుంటి విరిగిన అత్తగారు ఒడెస్సాని తెచ్చుకుని, కింద గదిలో మంచం వేసి, వారానికి రెండుసార్లు తలంటుతోంది. పగలు కంటి ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర ఉద్యోగం. "నీ గొంతు తియ్యగా ఉంటుంది, కోపంగా ఉన్నవాళ్ళవన్నీ నువ్వే తీసుకో" అని పైఆఫీసరు మెచ్చుకున్నట్టే మెచ్చుకుని తిట్లన్నీ ఆమె చెవికి అప్పగించాడు. అదే గొంతు ప్రతి శనివారం పదకొండు గంటలకు పేటలోని చిన్న రేడియో స్టేషన్లో ఒక గంటసేపు వినిపించేది. జీతం లేదు. పదకొండేళ్ళుగా వారానికి మూడు కొత్త జాజ్ ఆల్బమ్‌లు వెతికి పట్టుకుని, ఎందుకు వినాలో చెప్పేది. డెల్ఫీన్ బాగుందంటే బాగున్నట్టే అని పేటలో పేరు. ఎందుకంటే అక్కడ ఆమె అబద్ధం ఆడలేదు. మిగతాచోట్ల ఆడింది. పాస్టరుగారి భార్య చేసిన కేకు విషయంలో, డాక్టరుగారు రెండు నిమిషాల్లో వస్తారని చెప్పడంలో, పడకలో. ఆ ఒక్క గంటలో మాత్రం లేదు.

రాస్కో స్నేహితుల ముందు, "మా ఆవిడ చెవులు చూశారా? ఏ ఊళ్ళో ఏ కుర్రది కొత్తగా వాయించినా పట్టేస్తుంది" అనేవాడు, తను కొనుక్కొచ్చిన వస్తువును చూపించినట్టు. వాళ్ళు వెళ్ళాక ఎప్పుడైనా ఆమె ఒక మాటంటే, "ఒక్క స్వరం వాయించలేవు, నీకేం తెలుసు?" అనేవాడు. నిజమే, ఆమె ఏదీ వాయించలేదు. వినడమే ఆమె చేసిన పని. వినడం ఒక పని అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఏ ఆల్బమ్ అయినా మూడుసార్లు వినాలని ఆమె నియమం. రెండుసార్లు పనుల మధ్య, మూడోసారి ఊరికే కూర్చుని. ఊరికే కూర్చోవడానికి ఇంట్లో కుదరక, వాకిట్లో ఆపిన కారులో కూర్చునేది. ఆ సాయంత్రం మంచు పడుతోంది. మొదటి రెండు పాటలూ బాగానే ఉన్నాయి. మూడోది మొదలైంది. మెత్తగా, తియ్యగా ఊదాడు. పాతికేళ్ళ వయసులో ఏ స్వరం విని ఆమె అతని వెంట నడిచిందో ఆ స్వరం ఇంకా ఉంది, చెడిపోలేదు. తర్వాత పియానో అందుకుంది. షనీస్ అని కొత్తపిల్ల. నెమ్మదిగా ఏదో అడగబోయింది. నాలుగు మెట్లు ఎక్కి, ఐదోదాని మీద కాలు పెట్టేలోగా ట్రంపెట్ వచ్చి పడింది. మళ్ళీ అడగబోయింది, మళ్ళీ ట్రంపెట్. ఎనిమిది నిమిషాల్లో ఏడుసార్లు. చివరికి ఆ పిల్ల అడగడం మానేసి, అతను చెప్పినదానికల్లా ఊఁ కొట్టింది. డెల్ఫీన్ చెయ్యి స్టీరింగు మీదే ఉండిపోయింది. బాగుంటే బాగుండునని మళ్ళీ వేసింది. తన చెవిదే తప్పేమోనని మర్నాడు వేసింది. ఐదుసార్లు విన్నది. ఐదుసార్లూ, తన మాట ఏనాడూ పూర్తికాని భోజనాల బల్ల దగ్గర అతని ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.

గురువారం తలంటుతుంటే ఒడెస్సా అంది: "ఏమ్మాయ్, వాడి పాటలు ఇంకా మెచ్చుకోలేదట. ముఖం వేలాడేసుకు తిరుగుతున్నాడు."

"వింటున్నాను అత్తమ్మా."

"ఏంటి వినేది? నీ పేరు పెట్టాడు పాటకి! నా పేరు ఎవరు దేనికి పెట్టారు? ఆఖరికి నా సమాధి రాయిక్కూడా మీ మామయ్య పేరే పెద్దగా చెక్కించి ఉంచారు, కింద నాకు ఇంత జాగా వదిలి." ఒడెస్సా నురగలోంచి ఒక కన్ను తెరిచింది. "బాగుందని ఓ మాట అనెయ్. ఎన్ని అనలేదు మనం?"

శుక్రవారం రాస్కో ఒక కాగితం తెచ్చాడు. రేడియోలో ఏం చెప్పాలో రాసుకొచ్చాడు. బ్యాండు వాళ్ళు, చర్చి వాళ్ళు, టొలీడోలో అతని తమ్ముడు, అందరూ వింటారట.

"ఒకటి అడగనా?" అంది డెల్ఫీన్. "మూడో పాటలో షనీస్‌ని ఎందుకు ఆపేశావు?"

"ఆపానా? ఆ పిల్ల పక్కవాద్యానికొచ్చింది. పక్కనుంటుంది."

"ఏదో చెప్పబోతోంది."

"చెప్పాల్సింది నేను చెప్పాగా."

"ఆ పాట నాదన్నావు. మొత్తం నువ్వే మాట్లాడావు. నేనెక్కడున్నాను అందులో?"

రాస్కో నవ్వాడు. కోపం లేదు, వెటకారం లేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "పేరులో ఉన్నావు కదే."

శనివారం ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. చికాగోలో వండా ప్రూయిట్ అనే డ్రమ్మరు, నానమ్మ నడిపిన లాండ్రీలో మెషీన్ల చప్పుడు మధ్య చేసిన ఆల్బమ్ వేసింది. అంట్లు తోముతూ వినండి, చేతులు వాటంతటవే లయ పట్టుకుంటాయి అని చెప్పింది. ఫిలడెల్ఫియాలో ఒక ముసలి బేస్ వాద్యకారుడు కొడుకు పోయాక తొమ్మిదేళ్ళకు చేసిన ఆల్బమ్ వేసింది. దీన్ని ఒంటరిగా వినండి అంది. తర్వాత రాస్కో సీడీ చేతిలోకి తీసుకుంది. కాగితం సంచీలోనే ఉంది.

"ఈ మూడోది మా ఇంట్లోంచి వచ్చింది. వాయించినవాడు నా భర్త. ఇందులో ఒక పాటకి నా పేరుంది. ఐదుసార్లు విన్నాను. ఆయనకి వాయించడం వచ్చు. పక్కవాళ్ళని వినడం రాదు. ఇది కొనమని నేను మీకు చెప్పలేను. కానీ ఇందులో పియానో వాయించిన షనీస్, ఆర్నెల్ల కిందట చర్చి నేలమాళిగలో ముగ్గురితో కలిసి ఒక చిన్న ఆల్బమ్ చేసింది. అక్కడ ఆమె మాట పూర్తయింది. అది వినండి."

ఆమె రాస్కో సీడీ పక్కన పెట్టి షనీస్‌ది వేసింది. పియానో మొదలైంది. అద్దం అవతలి నుంచి రేడియో మేనేజరు హొరేస్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని చూశాడు. బయటికొచ్చాక, "ఊరుకున్నా సరిపోయేదిగా డెల్ఫీన్!" అన్నాడు. ఆమె కోటు గుండీలు పెట్టుకుంది.

ఆమె ఇంటికొచ్చేసరికి రాస్కో ట్రంపెట్ పెట్టె సర్దుకున్నాడు. అరవలేదు. "ఊరందరి ముందు" అన్నాడు. మళ్ళీ అదే మాటన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తను చేసింది చిన్న పని కాదని ఆమెకి తెలుసు. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే క్షమాపణ చెప్పేస్తుందని తెలిసి, నిలబడ్డచోటే ఉంది. అతను టొలీడోలో తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. తల్లిని తీసుకెళ్ళే మాట అతనూ ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు.

మూడు వారాలు గడిచాయి. చర్చిలో ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. కూతుళ్ళు ఫోన్ చేసి, "నాన్న తిండి మానేశాడట, తెలుసా?" అని మాత్రం అన్నారు. నాలుగో వారం రాస్కోనే ఫోన్ చేశాడు.

"ఆవేళ కోపంలో అన్నానని రేడియోలో ఒక్క మాట చెప్పు. వచ్చేస్తాను."

"కోపంలో అనలేదు రాస్కో."

"మరి?"

"విని అన్నాను."

అవతల ఫోన్ పెట్టేశాడు. ఆమె కింద గదిలోకి వెళ్ళి ఒడెస్సా మోకాళ్ళమీద దుప్పటి సర్దింది.

"ఏమంటాడు?" అంది ఒడెస్సా.

"మాట వెనక్కి తీసుకుంటే వస్తాడట."

"తీసుకో మరి. నోటి మాటేగా. వాడు ఇల్లు చేరతాడు."

"చేరతాడు అత్తమ్మా. అప్పుడు ఇంట్లో నా పేరే ఉంటుంది, నేనుండను."

ఎక్కడికి వెళ్తావని ఒడెస్సా అడగలేదు.