పంతొమ్మిది మంది దాదులు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం మూడో అంతస్తులో, మెట్లకు ఎదురుగా ఉన్న గదికి ‘డిజిటల్ పరిశోధన సహాయ కేంద్రం’ అని బోర్డు ఉండేది గాని, అందరూ దాన్ని శాసనాల గది అనే పిలిచేవారు. ఆరువేల ప్రాచీన శిలాశాసనాల పాఠాలు పాత అచ్చు సంపుటాల నుంచి కంప్యూటర్‌లోకి చేరింది, ఆ గదిని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న లైబ్రేరియన్ చేతిమీదుగానే.

ఒక మంగళవారం ఉదయం ఆమె తాళం తీసీ తీయకముందే, ప్రాచీన భాషల శాఖ పరిశోధక విద్యార్థిని వచ్చి కూర్చుంది. సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. పిల్లకు కాళ్లు నేలమీద నిలవడం లేదు.

“ముప్పయ్యొక్క మంది, మేడమ్!” అంటూ తెరమీద పటం పరిచింది. ఒక ప్రాచీన రేవుపట్టణం, దాని చుట్టూ ఎర్రచుక్కలు. “ఒక్క ఊళ్లోనే ముప్పయ్యొక్క సమాధిరాళ్ల మీద ‘దాది’ అన్న మాట! పరాయి బిడ్డలకు పాలిచ్చి పెంచినవాళ్లకి ఇన్ని రాళ్లు ఇంకెక్కడా లేవు. అంటే వాళ్లకి ఆ ఊళ్లో ఒక హోదా ఉండేదన్నమాట. నా నాలుగో అధ్యాయం మొత్తం దీనిమీదే నిలబడింది. ఈ పటం అచ్చులో మసకబారకుండా చేసిపెట్టండి చాలు.”

లైబ్రేరియన్ కళ్లజోడు సవరించుకుని, పటం పక్కనున్న జాబితా చదవసాగింది. పద్నాలుగో రాయి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఆ రాయి ఆమెకు బాగా గుర్తు. కుడివైపు సగం విరిగిపోయినది. దాది అన్న మాట ఉండవలసిన చోట అసలు రాయే లేదు.

“రేపు పొద్దున్న రా తల్లీ. ఒకటి సరిచూసుకోవాలి.”

“చుక్కలు మరీ చిన్నవయ్యాయా?”

“చుక్కల సంగతి కాదులే. రేపు చెబుతాను.”

ఏం జరిగిందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. రాయి పగిలి అక్షరాలు పోయినచోట, పాత సంపాదకులు తమ ఊహతో పూరించి, ఆ భాగాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టేవారు. ఇది రాయి చెప్పిన మాట కాదు, నేను చెబుతున్న మాట అని చదువరికి తెలిపే గుర్తు అది. పదకొండేళ్ల కిందట శాఖ ప్రొఫెసర్ వచ్చి, మాట నడుమ బ్రాకెట్ అడ్డుపడడంవల్ల ఏది వెతికినా దొరకడం లేదని విసుక్కున్నారు. ఆమె ఒక్క ఆదేశంతో ఆరువేల పాఠాల్లోని బ్రాకెట్లన్నిటినీ తీసేసింది. వెతికినవన్నీ టకటకా దొరికాయి. ప్రొఫెసర్ సభలో లేచి మరీ మెచ్చుకున్నారు. చేసిన మార్పు గురించి వివరణ పేజీ అట్టడుగున ఒక్క వాక్యం రాసి, ఆమె చేతులు దులుపుకుంది. ఆ వాక్యాన్ని ఇన్నేళ్లలో ఎవరైనా చదివారనడానికి దాఖలా లేదు.

సాయంత్రానికి అచ్చు సంపుటాలతో పోల్చి చూడడం పూర్తయింది. పన్నెండు రాళ్ల మీద ఆ మాట నిజంగానే ఉంది. మిగిలిన పంతొమ్మిదీ వందేళ్ల నాటి ఒకే సంపాదకుడి ఊహలు. ఆయన మొదట్లో చెక్కుచెదరని దాది రాయి ఒకటి చూశాడు. ఆపైన ఒక స్త్రీ పేరు, పరాయి బిడ్డ పేరు, నడుమ కాస్త ఖాళీ కనబడితే చాలు, అక్కడ దాది అనే పూరిస్తూ పోయాడు. అయినా ఆయన ఊహను ఊహ అనే చెప్పాడు. ఆ చెప్పిన నోరు నొక్కింది తను.

ఇంట్లో ఉండేది ఆమె, దర్జీ పని చేసే అక్క, ఇద్దరే.

“పుస్తకాలేమైనా పారిపోయాయా? అలా మొహం వేలాడేసుకున్నావేమే?” అన్నది అక్క, తెల్లగుడ్డకు ఎర్రదారంతో టాకాలు వేస్తూ.

చెల్లెలు అంతా చెప్పింది. అక్క తలెత్తకుండానే విన్నది.

“ఈ ఎర్రదారం ఎందుకనుకున్నావు? విప్పేయాల్సిన టాకా ఏదో, అసలు కుట్టేదో రేపు నాకు తెలియద్దూ? నువ్వేమో ఆరువేల గుడ్డలకి టాకాలన్నీ తెల్లదారంతో వేసిపెట్టావు.”

“అడిగింది ఆయన, అక్కా.”

“కత్తెర ఎవరి చేతిలో ఉందే?” అక్క దారాన్ని పళ్లతో కొరికింది. “ఆ పిల్లకి రేపు చెబితే ఇరవై మూడు రోజులు మిగులుతాయి. ఎల్లుండి చెబితే ఇరవై రెండు. ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది?”

బుధవారం ఉదయం లైబ్రేరియన్ చెప్పేసింది. ఒక్క సాకూ కలపలేదు. విద్యార్థిని తెరమీద పటం మళ్లీ తెరిచింది.

“అంటే, నా దాదుల్లో పంతొమ్మిది మంది అసలు పుట్టనేలేదన్నమాట.”

“పుట్టారో లేదో తెలియదు. రాయి చెప్పలేదు, అంతే.”

“నేనైనా సంపుటం తీసి చూడాల్సింది. మీరు ఎక్కించిన పాఠం కదా అని నమ్మాను, మేడమ్.”

తిట్టినా అంత తగిలేది కాదు. లైబ్రేరియన్ బీరువా తాళంచెవులు తీసుకుని లేచింది. “ఈసారి నా మాట నమ్మొద్దు. నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని, రా.”

నేలమాళిగలో, వెడల్పాటి సొరుగుల్లో, ఆ రాళ్ల కాగితపు అచ్చులు ఉన్నాయి. మందపాటి కాగితం తడిపి రాతిమీద పరచి బ్రష్‌తో కొడితే, ఆరేసరికి రాతి గంట్లన్నీ కాగితానికి దిగుతాయి. పక్కనుంచి దీపం పెడితే గీత గీతా నీడ వేస్తుంది. ఇద్దరూ మూడురోజులపాటు ఒకరు దీపం, ఒకరు భూతద్దం పట్టుకుని వాటిమీద వంగారు. మొదటి రెండు రోజులూ ఏమీ దక్కలేదు.

“మేడమ్, దీపం ఇంకాస్త కిందికి... ఇంకాస్త... అదిగో!”

విరిగిన అంచున సగం తెగిన గీతలు రెండు. దాది అన్న మాటకు తప్ప మరి దేనికీ అవి పొసగవు.

“ఒకామె పుట్టింది,” అన్నది లైబ్రేరియన్. విద్యార్థిని మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

చివరికి అలాంటివి నాలుగు తేలాయి. పదమూడింటిమీద ఏ జాడా లేదు. రెండింటిమీద మిగిలిన గీతలు దాది అని కాదు, ‘అక్క’ అని చెబుతున్నాయి. అది చదివినప్పుడు లైబ్రేరియన్ తనలో తాను నవ్వుకుంది.

విద్యార్థినికి గైడ్ ఆ ప్రొఫెసరే. శనివారం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. “గడువు ముందు ఇదేం తలనొప్పమ్మా? ఆ బ్రాకెట్లు ఎవరు తీయమన్నారండీ?”

ఆయన నిజంగానే మరిచిపోయారు. విద్యార్థిని లైబ్రేరియన్ మొహంలోకి చూసింది.

“తీసింది నేను, సార్. మీరు వెతకడం తేలిక కావాలన్నారు. దానికి వేరే దారి ఉంది. ఆనాడు నేను తొందరపడ్డాను.”

ప్రొఫెసర్ ఏదో గుర్తుకొచ్చినట్టు కళ్లజోడు తీసి, తుడవనవసరం లేకపోయినా తుడుచుకున్నారు. “గడువు రెండు నెలలు పొడిగించమని నేను రాసిస్తాను,” అని మాత్రం అన్నారు.

ఆ రెండు నెలల ఆలస్యంవల్ల విద్యార్థినికి రావలసిన అధ్యాపక ఉద్యోగం ఒకటి వేరొకరికి పోయింది. అది తన వల్లనే పోయిందన్న సంగతి లైబ్రేరియన్ మరిచిపోలేదు. బ్రాకెట్లన్నీ తిరిగి పెట్టింది. వెతకడానికి వేరే ప్రతిని సిద్ధం చేసి, ఊహించి పూరించిన అక్షరాలు అందులో ఎర్రగా కనబడేటట్టు చేసింది. జరిగిన పొరపాటును మొదటి పేజీ నెత్తిన, తేదీతో, తన పేరుతో రాసింది. తరువాత, ఇన్నేళ్లలో ఆ పాఠాలను దించుకున్నవారి జాబితా తీసింది. నలభై ముగ్గురు.

వాళ్లకు పొరపాటు తెలుపుతూ మొదటి ఉత్తరం మొదలుపెడుతుండగా విద్యార్థిని కొత్త పటంతో వచ్చింది. పదహారు నిండు చుక్కలు, జాడ తేలని పదమూడింటికి ఉత్త సున్నాలు.

“సార్ ఈ సున్నాలు తీసేయమంటున్నారు, మేడమ్.”

“నువ్వేమంటావు?”

“ఉంచుతానన్నాను.” ఆమె కుర్చీ లాక్కుని జాబితా అందుకుంది. “సగం నాకివ్వండి, నేనూ రాస్తాను.”

“తప్పు నాది, ఉత్తరాలూ నావే.”

“సరే అయితే, నేను చిరునామాలు చదువుతాను, మీరు రాసుకోండి,” అని విద్యార్థిని మొదటి పేరు చదివింది.