నెస్టర్ విస్తరి

పెత్రమాస నాటి ఉదయం సత్యవ్వ చేసిన తప్పు, ముప్పై ఏళ్లుగా ఆమెకు పేరు తెచ్చిన పనే. మేక కార్జాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకొని, దానికి అంటుకొని ఉన్న ఆకుపచ్చని చేదు తిత్తిని గోరు తగలకుండా కోసి మోరీ కాలువలోకి విసిరింది. అది రాయికి తగిలి పగిలిపోయింది. ఒక్క చుక్క చిందినా కార్జమంతా చేదవుతుంది కనుక, కోరుట్ల సాలెవాడలో ఎవరు మేకను కోసినా ఆ ఒక్క పనికి ఆమెనే పిలిచేవారు.

చేతులు కడుక్కుంటూ తలెత్తితే ఎదురుగా కొడుకు గంగారాం నిలబడి ఉన్నాడు. మోరీ వైపు చూశాడు. తిట్టినా ఆమెకు అంత బాధ కలిగేది కాదు. ఆ తిత్తిని దాచిపెట్టమని రాత్రే అతడు రెండుసార్లు చెప్పాడు. చెవి విన్నది, చెయ్యి వినలేదు.

గంగారాం దుబాయి నుంచి వచ్చి నెల అయింది. అక్కడి క్యాంపులో అతనితో ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నవాడు నెస్టర్ అనే ఫిలిప్పీన్స్ వెల్డరు. గంగారాం పరంజా మీది నుంచి పడి రెండు చేతులకూ కట్లు కట్టించుకున్నప్పుడు, కంపెనీ వాళ్లు ఒక్కసారి వచ్చి చూసిపోయారు. నెస్టర్ నలభై రోజులు ముద్దలు కలిపి తినిపించాడు. శుక్రవారం వస్తే ఇద్దరూ కలిసి నెస్టర్ ఊరి కూర వండుకునేవారు. పేరు పపయితాన్. మేక పేగుల బోటి, కార్జం, గుండె సన్నగా తరిగి, అల్లం, ఉల్లిగడ్డ, చింతపండు వేసి, చివర ఆ మేక చేదునే చెంచాతో కలుపుతారు. వాళ్ల మాటలో పయిత్ అంటే చేదేనట. కిందటి రంజాన్ నెలలో నెస్టర్ నిద్రలోనే పోయాడు. శవాన్ని పెట్టెలో పెట్టి విమానమెక్కించారు. క్యాంపు నుంచి ఒక్కరినైనా వెంట పోనివ్వలేదు.

పెత్రమాస నాడు చనిపోయిన ఇంటి పెద్దలకు ఇష్టమైనవి వండి, ఒక్కొక్కరికి ఒక్కొక్క విస్తరి వేసి, పేరు పెట్టి పిలుస్తారు. నెస్టర్‌కు కూడా ఒకటి వేద్దామని గంగారాం అడిగినప్పుడు చిన్నాయన బాలయ్య ఒప్పుకోలేదు. కులం కాదు, దేశం కాదు, మెడలో శిలువ వేసుకున్నవాడు అన్నాడు. సత్యవ్వ ఒక్క మాటతో తేల్చింది.

"నా కొడుక్కు బువ్వ తినిపిచ్చిండు. విస్తరి ఏసుడే."

అయితే ఒక నియమం ఉంది. వచ్చినవాడు రుచిని గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే విస్తరి ముట్టకుండా ఆకలితోనే తిరిగిపోతాడని ఆమె నమ్మకం. చేదు లేని ఆ కూరను నెస్టర్ ఏమని గుర్తుపడతాడు? కాకరకాయ వేద్దామని కోడలు రాజమణి అన్నది. ఆ చేదు వేరని గంగారాం మెల్లగా చెప్పాడు. నక్సలైటు అన్నలు పిలిచిన బందుకు అది రెండో రోజు. జగిత్యాల దాకా కటికె దుకాణం ఒక్కటీ తెరిచి లేదు. ఊళ్లో ఇంకో మేకను కోసింది కరుణాకర్ రావు దొర ఇంట్లోనే అని రాజమణి బోరింగు దగ్గర విని వచ్చింది.

ఆ పేరు సత్యవ్వకు చిన్నప్పటి నుంచి తెలిసినదే.

కరుణాకర్ రావు కుటుంబం రాయికల్ వైపు పల్లెలో గడీ వదిలి కోరుట్లకు వచ్చి మూడేళ్లయింది. అన్నల బెదిరింపు చీటీ అందిన వారంలోనే వచ్చారు. సత్యవ్వ పుట్టింది ఆ పల్లెలోనే. పండుగ పండుగకు ఆమె తల్లి రాజవ్వ గడీలో వెట్టికి పోయి, మేకల పేగులు వాగులో కడిగి కడిగి, సున్నం తిన్న వేళ్లతో ఇంటికి వచ్చేది. కండ లోపలికి పోయేది. పేగుల గంప వెనుక దర్వాజ నుంచి బయటికి వచ్చేది. దాన్ని దయ అనేవారు. ఆ గంపను నెత్తిన పెట్టుకొని మోసింది సత్యవ్వ. వెట్టి భరించలేక ఆమె అన్నదమ్ములు సిరిసిల్లకు పోయి మగ్గాలు పెట్టుకున్నారు. ఆ ఇంటివాళ్ల గడప మళ్లీ తొక్కనని ఆమె పన్నెండో ఏట అనుకున్నది. నలభై ఆరేళ్లు నిలబెట్టుకున్నది.

గిన్నె తీసుకొని లేచింది. తాను పోతానని గంగారాం అన్నాడు. పారేసింది తానే కనుక తానే పోవాలని చెప్పి, చెప్పులు తొడుక్కున్నది.

బజారంతా మూత. పోలీసు జీపొకటి ఆమెను దాటి, ఆగి, వెనక్కి చూసి పోయింది. కరుణాకర్ రావు ఇంటికి వెనుక సందులో ఒక తలుపు ఉంది. పనివాళ్లంతా అటు నుంచే పోతారు. సత్యవ్వ ముందు గేటు తీసి, చెప్పులతోనే మెట్లెక్కి, వరండాలో నిలబడింది. దొర భార్య కౌసల్య కుర్చీలో కూర్చొని కళ్లజోడు తుడుచుకుంటున్నది. పెట్టుకొని, చూసి, గుర్తుపట్టింది.

"నువ్వు రాజవ్వ బిడ్డవు గదా? బోటికొచ్చినవా? ఎనుకకు పో, మొండయ్య ఇస్తడు."

"బోటి వద్దు, కౌసల్యమ్మ. కార్జం మీది చేదు తిత్తి గావాలె."

కౌసల్య మందుకా అని అడిగింది. కాదని సత్యవ్వ అన్నది. పెద్దలకు పెట్టడానికన్నది. పారేసేదాన్ని పెద్దలకు ఎట్లా పెడతావని కౌసల్య నవ్వబోయింది.

"బోటి మా అవ్వకు ఇచ్చిండ్రు. తలకాయలు, కాళ్లు ఇంకెవ్వలకో ఇచ్చిండ్రు. గిదొక్కటి మీరు ఎవ్వలకు ఇయ్యలే. గందుకే గిది అడుగవచ్చిన."

నవ్వు ఆగిపోయింది. కౌసల్య చాలాసేపు ఆమె చెప్పుల వైపు చూసింది. తరువాత ముఖం వైపు చూసింది. లోపలికి కేక వేసి, తిత్తి పగలకుండా ముందు వరండాకే తెమ్మని పనివాడు మొండయ్యకు చెప్పింది. అతడు మోదుగాకులో తెచ్చాడు. నిగనిగలాడుతూ నిండుగా ఉంది. సత్యవ్వ దాన్ని గిన్నెలో పెట్టుకొని, పోయివస్తానని చెప్పి, వచ్చిన మెట్ల మీదుగానే దిగింది. దండం పెట్టలేదు. ఆ సంగతి గేటు దాటిన తరువాత గాని ఆమెకే తట్టలేదు.

ఇంట్లో పొయ్యి మండుతున్నది. బోటిని రాజమణి నాలుగు నీళ్లు పోసి కడిగింది. అయిదో నీళ్లకు మొగుణ్ణి కూర్చోబెట్టింది. దుబాయిలో కడిగిన చేతులు కోరుట్లలో అరిగిపోతాయా అని అడిగింది. అతడు కడిగాడు. అల్లం ఎక్కువ, కారం తక్కువ. కారం డబ్బా మీదికి పోయిన సత్యవ్వ చేతిని కొడుకు రెండుసార్లు పట్టి ఆపాడు. చివరికి తిత్తిని ఆమే కోసి, చెంచాలోకి పిండింది. ఒక చెంచా కలిపి గంగారాం రుచి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో అర చెంచా. కళ్లు మూసుకున్నాడు.

"ఇగ చాలవ్వా. గిదే."

విస్తర్లు వరుసగా వేశారు. సత్యవ్వ అత్తకు గారెలు, మామకు కల్లు, పెనిమిటికి తలకాయ కూర. చివరి ఆకులో అన్నం, దాని మీద పపయితాన్. సత్యవ్వ ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో, తండ్రి పేరుతో పిలుస్తూ నీళ్లు తిప్పి, చివరి ఆకు దగ్గర ఆగింది. నెస్టర్ తండ్రి పేరేమిటని అడిగింది. గంగారాంకు తెలియదు, ఇంటిపేరు కూడా నోటికి రాలేదు. ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదని తల దించుకున్నాడు. పేరు లేకుండా పిలిస్తే పక్కింటికి పోతాడేమో అని బాలయ్య మెల్లగా గొణిగాడు.

"ఆడెపు నెస్టర్," అని సత్యవ్వ తమ ఇంటిపేరుతోనే పిలిచింది. "గంగారాంకు అన్నవు. రా కొడుకా, తిను."

పెద్దలు తినేదాకా కాసేపు అందరూ బయట కూర్చున్నారు. లోపలికి వచ్చి చూస్తే విస్తరి ఎట్లా పెట్టారో అట్లాగే ఉంది. ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. పెద్దలు తినేది రుచినే గనుక అందుకు ఎవరూ బాధపడరు.

తరువాత అందరూ తిన్నారు. బాలయ్య మొదటి ముద్దకు ముఖం వికారంగా పెట్టి, ఇది కషాయమా అని అడిగి, రెండోసారి కల్లుతో పాటు వడ్డించుకున్నాడు. చేదు ముందు నాలుకను పట్టుకున్నది. అల్లం ఘాటు వెనుకే వచ్చింది. పులుపు అన్నిటినీ సర్దింది. కారం తక్కువైందని సత్యవ్వ అనుకున్నది గాని, పైకి అనలేదు. గంగారాం చెయ్యి ఆపకుండా తింటున్నాడు. వచ్చిన నెల రోజుల్లో అతడు ఇంత అన్నం తినడం ఆమె చూడలేదు. గంటెతో అడుగు గీరి, మిగిలినదంతా అతని పళ్లెంలో వేసింది.