ముప్ఫై ఎనిమిది, కింది బాణం

పోటీ మొదలయ్యేది ఎనిమిదింటికి. మామయ్య ఆరున్నరకే వచ్చి పన్నెండో కిలోమీటరు రాయి పక్కన పాతుకుపోయాడు. వెంట ఒక స్టూలు, ఒక విడి చక్రం, గాలి పంపు, మెడలో వేలాడే స్టాప్‌వాచీ, మోకాలెత్తు నల్ల చెక్క పలక, జేబు నిండా సుద్దముక్కలు. రోడ్డు మీద నరమానవుడు లేడు. అయినా ఎవరో తన చోటు కాజేస్తారన్నట్టు స్టూలు మీంచి లేవలేదు.

సైకిల్ షాపుకొచ్చే వాళ్ళందరూ అతన్ని మామయ్య అనే పిలుస్తారు. నిజంగా మేనమామ అయింది మాత్రం ఒక్క పిట్టకే. చెల్లెలి కూతురు. చిన్నప్పుడు బక్కపలచగా ఉండి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఎక్కి కూర్చునేదని ఆ పేరు పెట్టింది కూడా అతనే. ఇప్పుడా పిట్టకి ఇరవై మూడేళ్ళు. తొడలు చూస్తే పిట్ట అని ఎవరూ అనరు గానీ, పేరు అలాగే అంటుకుపోయింది.

ఈ పోటీలో మొదటి ముగ్గురినీ రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. ఇరవై మూడు దాటితే ఇక ఆ జాబితాలో చోటుండదు. అంటే ఇదే ఆఖరు. చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది: "అన్నయ్యా, ఈ ఒక్కసారికే ఊరుకుంటున్నాను. రాలేదా, సోమవారం నుంచి అట్టపెట్టెల ఫ్యాక్టరీకి పూర్తి షిఫ్టుకి పోతుంది. ఇక సైకిలు ఊసెత్తితే నీకూ నాకూ మాటల్లేవు." మామయ్య సరేనన్నాడు. ఓడిపోతుందని అతనికి కలలో కూడా తోచలేదు కాబట్టి సరేననడానికి కష్టమేమీ కాలేదు.

ఇది అందరూ గుంపుగా తోసుకుంటూ తొక్కే పందెం కాదు. ఒక్కొక్కరినే వదులుతారు. ఒకరు వెళ్ళాక కాసేపాగి ఇంకొకరు. ఇరవై కిలోమీటర్లు వెళ్ళి, వంతెన దగ్గర తిరిగి, అదే రోడ్డున వెనక్కి రావాలి. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్ళు గెలిచినట్టు. చూసేవాడికి ఇంతకంటే విసుగు పుట్టించే ఆట ఇంకోటి లేదు. ఒక సైకిలు రయ్యిమని పోతుంది, తర్వాత ఖాళీ రోడ్డు. తొక్కేవాళ్ళ బాధ ఇంకోటి. తాము ముందున్నారో వెనకున్నారో వాళ్ళకు తెలిసే దారి లేదు.

అందుకే మామయ్య, అతని పలక. ఆరేళ్ళుగా, అరవైకి పైగా పోటీల్లో, అతను చేసేది ఒకటే పని. పిట్ట కంటే ముందు బయల్దేరిన పిల్ల ఫలానా గుర్తు దాటగానే వాచీ నొక్కుతాడు. పిట్ట అదే గుర్తు దాటగానే ఆపుతాడు. పోటీల్లో ఇద్దరికీ మధ్య ఎడం ఒక నిమిషం. వాచీ నలభై చూపిస్తే పిట్ట ఇరవై సెకన్లు ముందున్నట్టు. ఎనభై చూపిస్తే ఇరవై వెనకబడ్డట్టు. అంకె పక్కన పైకి బాణం గీస్తే ముందు, కిందికి గీస్తే వెనక. అంతే. పిట్ట గడియారం పెట్టుకోదు, సైకిలుకు మీటరు బిగించుకోదు. "మామయ్య పలక ఉండగా అవన్నీ ఎందుకు, బరువు తప్ప" అంటుంది.

ఈసారి గుర్తు కూడా నిన్ననే చూసిపెట్టుకున్నాడు. మలుపు దగ్గర ఎర్రరంగు వేసిన దీపస్తంభం. అక్కణ్ణుంచి అతని దాకా నాలుగు వందల మీటర్లు, ముప్ఫై అయిదు సెకన్లు. లెక్కగట్టి, రాసి, పలక ఎత్తి పట్టుకోవడానికి దండిగా సరిపోతుంది.

నిన్న సాయంత్రం పిట్ట బయల్దేరే వరసల కాగితం ఊపుకుంటూ షాపులోకి పరుగెత్తుకొచ్చింది. మామయ్య అప్పుడు చక్రం బెండు తీస్తున్నాడు.

"మామయ్యా! నన్ను ఆఖరి పదిమందిలో వేశారు!"

గట్టివాళ్ళనే చివర్లో వదులుతారు. మామయ్యకు ఛాతీ రెండింతలైంది. "చూశావా! మరి ఊరికే అన్నానా!" అని చేతిలో చక్రాన్ని గిర్రున తిప్పాడు. ఆ కాగితం పుచ్చుకుని పిట్ట పేరు, బయల్దేరే సమయం, ముందున్నది ఎవరో చూశాడు. ముందున్నది పొడుగుపిల్ల, పోయినేడు రెండో స్థానం. దాన్ని దాటితే చాలు, జట్టులో ఉన్నట్టే. తర్వాత ఆ కాగితాన్ని టైరు బాగుచేయించుకోవడానికి వచ్చిన పాలవాడికి చూపించాడు, పక్క షాపు దర్జీకి చూపించాడు, చివరికి దారిన పోయే వాళ్ళకీ చూపించాడు. అందరికీ చూపించిన మనిషి తాను మాత్రం కింది దాకా చదవలేదు.

ఇక్కడికి రాకముందు, తెల్లవారుజామునే బయల్దేరే చోట ఆగి పిట్టకు నంబరు గుడ్డ కట్టింది కూడా అతనే. నాలుగు పిన్నీసులు. పై రెండూ, కింద ఒకటీ పిట్టే తీసుకోగలదు. వీపుకు సరిగ్గా మధ్యన ఉండే నాలుగోది మాత్రం చేతికందదు. ప్రతి పోటీ అయ్యాకా వచ్చి వీపు చూపిస్తే, మామయ్య దాన్ని తీసి బిళ్ళల డబ్బాలో వేసుకుంటాడు. ఆరేళ్ళుగా అవే నాలుగు పిన్నీసులు.

"గుర్తుందిగా?" అన్నాడు కడుతూ. "పోయేటప్పుడు దాచుకో, వచ్చేటప్పుడు ఎదురుగాలి. అప్పుడు ఉన్నదంతా తొక్కెయ్."

"ఎన్నిసార్లు చెబుతావ్ మామయ్యా. నువ్వు పలక చూపించు చాలు."

తొమ్మిదిన్నర దాటేసరికి రోడ్డు పక్కన పదిమంది దాకా చేరారు. మామయ్య పక్కన ఎర్రజెండా పట్టుకుని ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు నిలబడ్డాడు, నిర్వాహకుల తరఫున. కాస్త ముందు రోడ్డుకు అడ్డంగా నల్లటి పట్టీ పరిచి ఉంది. దాని మీదుగా పోయిన ప్రతి సైకిలు సమయాన్నీ యంత్రం రాసుకుంటుంది, కానీ ఆ లెక్క పోటీ అయ్యాక కాగితం మీద తప్ప ఎవరికీ కనిపించదు.

మామూలు పిల్లలంతా అయిపోయారు. ఆఖరి పదిమందిలో మొదటి ఇద్దరు వెళ్ళారు. వాళ్ళ మధ్య ఎడం బాగా ఎక్కువుండటం మామయ్య గమనించకపోలేదు. "రెండో పిల్ల పని అయిపోయింది, పాపం" అని జాలిపడ్డాడు కూడా. అంత తెలివి.

పొడుగుపిల్ల స్తంభం దాటింది. మామయ్య వాచీ నొక్కాడు. ఆ పిల్ల వీపు మీద కాఫీకప్పు పెట్టినా తొణకదన్నట్టు పోయింది. మామయ్య కళ్ళల్లో వత్తులు వేసుకుని మలుపు వైపు చూశాడు. నలభై. యాభై. అరవై. పిట్ట లేదు. డెబ్భై. ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది దగ్గర పిట్ట పసుపుపచ్చ టోపీ స్తంభం దాటింది.

తొంభై ఎనిమిదిలోంచి అరవై తీసేస్తే ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిది సెకన్లు వెనక! పెద్దగా రాశాడు, కిందికి బాణం గీశాడు, రోడ్డు అంచు దాకా దూకి పలక ఎత్తాడు.

పిట్ట వస్తోంది. చక్కగా వస్తోంది. భుజాలు కదలడం లేదు, నోరు మూసే ఉంది, అనుకున్నట్టే దాచుకుంటూ తొక్కుతోంది. తల కొంచెం ఎత్తి పలక చూసింది. ఆ ముఖం పాలిపోవడం మామయ్యకు స్పష్టంగా కనిపించింది.

"తొక్కవే! తొక్కు! దాచుకోవడాలు లేవిక!" అని గొంతు చించుకున్నాడు.

పిట్ట సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. సైకిలు అటూ ఇటూ ఊగిపోయింది. క్షణంలో ఎంత వేగం అందుకుందంటే, పక్కనున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. మామయ్యకు కాస్త ప్రాణం లేచివచ్చింది. సమయానికి చెప్పగలిగాను, అనుకున్నాడు.

స్టూలు మీద కూలబడి, వెనక వచ్చే పిల్ల కోసం చూశాడు. రోడ్డు ఖాళీ.

"ఏమిటి మాస్టారూ, తర్వాతమ్మాయి ఇంకా రాలేదు? పడిపోయిందా ఏం?"

"వస్తుందిలెండి. ఆఖరి పదిమందినీ రెండేసి నిమిషాలకు కదా వదిలేది."

"రెండా?"

"పెద్దపోటీల్లో అంతేనండీ. కాగితం అడుగున వేశారుగా, మీరు చూళ్ళేదూ?"

మామయ్యకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నూట ఇరవైలోంచి తొంభై ఎనిమిది. వేళ్ళ మీద ఒకసారి, సుద్దతో ఇంకోసారి లెక్కేశాడు. ఎన్నిసార్లు వేసినా అదే వచ్చింది. ఇరవై రెండు. పైకి బాణం.

పిల్ల ముందుంది. దాచుకుంటూ తొక్కి కూడా, పొడుగుపిల్ల కంటే ఇరవై రెండు సెకన్లు ముందుంది. అలాంటి దాన్ని పట్టుకుని తానే తరిమాడు.

"మాస్టారూ, మీ దగ్గర ఫోనుంది కదా, వంతెన దగ్గర మీవాళ్ళకు చెప్పండి. నంబరు నలభై ఏడు. నెమ్మదించమనండి, ముందే ఉందని చెప్పమనండి. ఒక్క మాట."

మాస్టారు మంచివాడే. నొచ్చుకున్నాడు. "మా మనుషులు నోరు విప్పితే సాయం చేసినట్టవుతుందండీ. పిల్లను పోటీలోంచే తీసేస్తారు."

మామయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. తన పాత సైకిలు వైపు చూశాడు. దాని మీద పోయి ఆ పిల్లను అందుకోవడం ఏ జన్మకి. ఇక చేయగలిగింది ఇరవై అయిదు నిమిషాలు ఎదురుచూడటమే. ఎవరో బిస్కెట్లు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు ఏ కిలోమీటరు దగ్గర కాళ్ళు బరువెక్కుతుంటాయో, ఎక్కడ ఊపిరి అందకుండా పోతుందో అతనికి తెలుసు. ఆ కాళ్ళ సంగతి కన్నతల్లి కంటే అతనికే ఎక్కువ తెలుసు. అదే అతన్ని ఎక్కువ కాల్చింది.

తిరుగుదారిలో గుర్తు ఒక గోడౌను గేటు, అక్కణ్ణుంచీ అతని దాకా ముప్ఫై అయిదు సెకన్లే. పొడుగుపిల్ల ఎదురుగాలిలో తల వంచుకుని గేటు దాటింది. వాచీ నొక్కాడు. నూట ఇరవై అయింది. నూట నలభై అయింది. నూట డెబ్భైకి పసుపు టోపీ కనిపించింది.

యాభై వెనక. ఈసారి లెక్క తప్పలేదు.

ముప్ఫై అయిదు సెకన్లు. సుద్ద పలక మీద ఆగిపోయింది. నిజం రాస్తే పిల్ల ఇక్కడే ఆశ వదిలేస్తుంది. ఆరేళ్ళలో పలక మీద ఒక్క అబద్ధం రాయలేదు. ఓడిపోయే పోటీల్లో కూడా రాయలేదు. ఇప్పుడు అయిదు అని రాసి, కిందికి బాణం గీసి, ఎత్తి పట్టుకున్నాడు.

పిట్ట నోరు తెరుచుకుని ఉంది. పెదవుల పక్కన తెల్లగా ఎండిపోయింది. సైకిలు గీత మీద నిలవడం లేదు. పలక చూసింది. ఆశ్చర్యంగా, కొంచెం సంతోషంగా కూడా చూసింది. లేచి తొక్కబోయింది. మోకాళ్ళు నిలబడలేక మళ్ళీ సీటు మీద పడింది. మామయ్య "బాగా తొక్కుతున్నావమ్మా" అని అరిచాడు.

అతను సామానంతా పాత సైకిలుకు కట్టుకుని గమ్యం దగ్గరికి చేరేసరికి పిట్ట గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉంది. వాంతి చేసుకున్నట్టుంది. అతన్ని చూసి లేచి కూర్చుంది.

"ఆరో స్థానం మామయ్యా." గొంతు బొంగురుపోయింది. "కానీ పలక లేకపోతే పదిలో కూడా ఉండేదాన్ని కాదు. ముప్ఫై ఎనిమిది నుంచి అయిదుకి తెచ్చాను, చూశావా? ఎంత తొక్కితే వచ్చింది! మొదట్లోనే నేనెందుకు అంత వెనకబడ్డానో తెలీడం లేదు. బాగానే తొక్కుతున్నాననుకున్నాను."

"పిట్టా..."

"ఏడవను, భయపడకు. అమ్మకి నేనే చెబుతాను. నువ్వు చేయాల్సిందంతా చేశావు."

మామయ్య విడి చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని స్పోకులు తడుముతూ కూర్చున్నాడు. జరిగింది చెప్పే ధైర్యం వచ్చేలోపు అటువైపు బోర్డు మీద కాగితాలు అంటించారు. పిట్ట కుంటుకుంటూ వెళ్ళింది. జనంలో నిలబడి వేలితో గళ్ళ వెంట చూసుకోవడం అతనికి కనిపించింది. ఆ వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ మొదట్నించీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

నవ్వుతూ తిరిగి వచ్చింది.

"వీళ్ళ యంత్రానికి మతిపోయింది మామయ్యా. పన్నెండో కిలోమీటరు దగ్గర నేనే మొదటట! పొడుగుపిల్ల నాకంటే ఇరవై రెండు సెకన్లు వెనకట! వచ్చేటప్పుడేమో యాభై వెనకని వేశారు. రెండూ తప్పే. లే, పలక తీసుకుని పద, అడుగుదాం. నీ లెక్క ముందు వాళ్ళ యంత్రమెంత."

మామయ్య లేవలేదు.

"యంత్రం తప్పు కాదమ్మా."

"మరి?"

"ఎడం నిమిషమే అనుకున్నాను."

పిట్ట ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది.

"రెండు నిమిషాలు కదా మామయ్యా," అంది, చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగా. "ఆఖరి పదిమందిలో అని చెప్పాను కదా."

"చెప్పావు."

"మరి ఆ అయిదు?"

"అది అబద్ధం."

తిట్టినా బాగుండునని మామయ్యకు అనిపించింది. పిట్ట చేతులు వెనక్కి పెట్టి నంబరు గుడ్డ పిన్నీసులు తీసుకోవడం మొదలుపెట్టింది. పై రెండూ వచ్చాయి. కిందిదీ వచ్చింది. మామయ్య అలవాటుగా బిళ్ళల డబ్బా మూత తీసి, లేచి, చెయ్యి చాచాడు.

పిట్ట ఒక అడుగు పక్కకు జరిగింది. వేళ్ళు వెనక తడుముకుంటూనే ఉన్నాయి. ఆ పిన్నీసు చేతికందేది కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె అతనికి వీపు చూపించలేదు.