పదకొండు ఎపిసోడ్ల రాణి

రాణిని గద్దె దించింది మీరే. ఛానల్‌ని తర్వాత తిడదాం. ఫోన్లు పట్టుకుని "ఇది రాణా, రాణిగారి పనిమనిషా?" అని పళ్ళికిలించిన మీరు ముందు జవాబు చెప్పాలి.

వేంగి రాజుల సీరియల్‌లో ధవళేశ్వరం పిల్ల హారతి రాణి వేషం కట్టింది. పదకొండు ఎపిసోడ్లు. రంగు చాల్లేదన్నారు. అలాంటి కామెంట్లు మూడు వేలు దాటగానే ఛానల్ ఆమెను తీసేసి, తెలుగు ముక్క రాని తెల్లపిల్లను ముంబై నుంచి దింపింది. ఆ పిల్ల పెదవులాడిస్తుంది. మాట మాత్రం హారతిదే. రాజమండ్రిలో ఓ మేడ మీద, గాలాడని గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కతే నిలబడి డబ్బింగ్ చెబుతుంది. ఎవరితోనూ అనకూడదని సంతకం పెట్టించుకున్నారు. తెర మీద పేరుండదు.

ఓ సాయంత్రం పక్కవాటా రత్తమ్మ ఆమెను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది.

"ఏమీ అనుకోకే హారతీ, నువ్వూ బాగానే చేశావు గానీ, రాణంటే ఇదమ్మా! ఆ గొంతు విను, ఒళ్ళు జలదరించట్లా? నీకా గొంతే ఉంటే రంగుదేముంది, సరిపెట్టుకునేవాళ్ళం."

పదకొండు ఎపిసోడ్లు ఈ మనిషి విన్నది ఇదే గొంతు. మొహం చూడ్డంలో పడి విననేలేదు.

"పనుంది పిన్నిగారూ" అని హారతి లేచి తన గదికి వచ్చింది. పనేమీ లేదు. ఫోన్‌లో ఎవరో రాశారు, కొత్త రాణి గొంతులోనే రాజసం ఉందని. పిలిచి చూపించడానికి మనిషి లేదు. ఆ ముక్కనే రాణి గొంతుతో గట్టిగా చదివి తనకు తానే వినిపించుకుంది.

"టీవీ సౌండు తగ్గించవే!" గోడ అవతల నుంచి రత్తమ్మ కేకేసింది.

మర్నాడు మైకు ముందు నిలబడింది. అద్దం అవతల రికార్డింగ్ చూసే శ్యాంబాబు చెయ్యి ఊపాడు. తెర మీద రాణి పెదవులు కదిలి ఆగాయి. హారతి నోరు తెరవలేదు.

"ఏంటండీ హారతి గారూ, గొంతు పట్టేసిందా? వేడినీళ్ళు తెప్పించనా?"

"గొంతుకేం కాలేదండి."

"మరి కానివ్వండి. సాయంత్రానికి పంపాలి. లేటైతే వేరేవాళ్ళని పెట్టేస్తారండి."

"పెట్టమనండి. ఈసారి గొంతు మారిందని తిడతారు జనం. ఛానల్‌కి ఫోన్ కలపండి శ్యాంబాబు గారూ. రాణి మాట్లాడుతున్నప్పుడే తెర మీద నా పేరు పడాలి. చివర్లో పరిగెత్తే అక్షరాల్లో కాదు. ఇవాళ్టి ఎపిసోడ్ నుంచే. కలపండి."