కోసేసిన మేఘం

హిందూపురంలో నాది పటాలు కట్టే దుకాణం. నా దగ్గర అట్ట ముక్క కూడా వృథాగా పోదు. జయచంద్ర చనిపోయిన తన తండ్రి అట్ట మీద గీసిన బొమ్మ తెచ్చి, గోడకు సరిపోయే కొలత చెప్పిపోయాడు. కొండ కింద చిన్న చర్చి, పైనంతా నల్లని మేఘం. కొలతకు మించిన మేఘాన్ని కోసేసి పటం కట్టాను.

సాయంత్రం అతని తల్లి ప్రమీలమ్మ వచ్చి పటాన్ని చాలాసేపు చూసింది.

"పైనుండే నల్ల మోడం యాడప్పా?"

"చర్చి అంతా ఉండాది కదమ్మా. పైన ఏముండాది, ఉత్త ఆకాశమే."

"చర్చిదేముందిలే, చెన్నేకొత్తపల్లి బస్సెక్కితే కనపడతాది. ఈ బొమ్మ గీసిన ఏడు చినుకు పడలేదు. గొర్రెలన్నీ అమ్ముకుంటిమి. మా ఆయన దినామూ ఆడ కూచోని, లేని మోడాన్ని గీసినాడు."

కోసిన అట్టను అప్పటికే నాలుగు ముక్కలు చేసి, నాలుగు దేవుని పటాల వెనక దన్నుగా బిగించేశాను. అవి మధ్యాహ్నమే ధర్మవరంలోని ఒక దుకాణానికి వెళ్లిపోయాయి. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"దేవుని వెనకాల దాచినావా? మంచి బేరగానివే," అంది ప్రమీలమ్మ. "అది దొరికినాక రెండూ తీస్కపోతాలే."

చర్చి బొమ్మ ఇంకా నా గోడకే ఉంది. వెల అడిగినవాళ్లకు అమ్మేది కాదంటున్నాను. ధర్మవరం వెళ్లి అడిగితే నాలుగు పటాలూ అమ్ముడుపోయాయన్నారు. ఎవరి ఇంటికి వెళ్లి దేవుణ్ణి వెనక్కి తిప్పి చూపించమనేది?