చెక్కలు పలికించిన పేరు

వాసుదేవ్ కొట్టు కట్టేసి ఇంటికి రాడు, భజనకు పోతాడు. ఆత్మకూరులో అందరికీ తెలిసిన మాటే. అతని భార్య శ్రీదేవికి మాత్రం పెళ్లైన నాటి నుంచీ అదే ముల్లు. సవతి అయితే జుట్టు పట్టుకునేదేమో. ఉన్నది చెక్కభజన గురువు ఓబులేసు!

ఆ ఏడు చలికాలమంతా వాసుదేవ్‌కు జ్వరం వచ్చింది, పోయింది, పోయింది, వచ్చింది. సూది వేయించుకున్న పూట ఒళ్లు చల్లబడేది, చల్లబడిన పూటే చెక్కలు చేతికెక్కేవి. చివరకు ఒకనాడు కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. చిన్ననాటి కీళ్లజ్వరం పాడుచేసిన గుండె కవాటం మీద క్రిములు గూడు కట్టాయనీ, ఆ గూటిలోంచి ఒక పెళ్ల ఊడి నెత్తుటిలో కొట్టుకుపోయి మెదడుకు అడ్డం పడిందనీ కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

నరంలోకి మందు చుక్కచుక్కగా దిగుతూనే ఉంది. "నేనెవరు? నా పేరు చెప్పు" అని శ్రీదేవి అడుగుతూనే ఉంది. కొత్తకోడలిగా వచ్చిననాడు, పెళ్లాం పేరు చెబితేగాని లోపలికి రానీయమని ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలిస్తే, సిగ్గుపడుతూ ఒక్కసారి అన్నాడు ఆ పేరు. తరువాతంతా "ఏమే". ఇప్పుడు అదీ లేదు.

ఓబులేసు వచ్చాడు.

"ఏమప్పా వాసూ, ఈడ పండుకోని మా తాళం తప్పిస్తాండావే!"

సంచిలోంచి చెక్కలు తీసి, మెల్లగా తట్టి, ఒక చరణం ఎత్తుకున్నాడు. వాసుదేవ్ పెదవులు కదిలాయి. వంకరగానైనా చరణమంతా పలికాడు.

శ్రీదేవి లేచి ఓబులేసుకు ఎదురు నిలిచింది.

"ఇన్నాళ్లు గొంతు చించుకుంటి, నాకు ఒక్క మాట లేదు. నీకు పాటంతా వచ్చె! జొరంలో తిప్పినోడివి నువ్వే గదన్నా!"

"తిట్టమ్మా, పడతా. మాట పోయినా పాట ఉంటాదంట, డాక్టరమ్మ చెప్పె" అని ఓబులేసు తల వంచుకుని వెళ్లబోయాడు.

పిలవడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. అయినా పిలిచింది.

"అన్నా... పాటలో నా పేరు పెట్టు. నువ్వంటే అంటాడు."

చెక్కలు మోగాయి. గురువు అన్నది గుంపు తిరిగి అనడం భజన మర్యాద.

"గడప దాటి వచ్చెనమ్మా శ్రీదేవి..."

"గడప... వచ్చెనమ్మా... శ్రీదేవి."

ఆమె కళ్లు నిండాయి. తుడుచుకుని చూస్తే, వాసుదేవ్ చూపు ఓబులేసు చేతుల మీదే ఉంది.

"చెక్కలు ఈడ పెట్టిపో అన్నా. రేపట్నుంచి నేను కొడతా."

"తాళం నీకు యాడ వస్తాదమ్మా?"

"నేర్పు" అంది శ్రీదేవి, చేయి చాచి. "నేర్పినాక రావద్దు."