చప్పుడు లేని గది

మా ఆయనతో కలిసి దువ్వెన కొనడానికి వెళ్ళినా ఒక పూట గోవిందా. పళ్ళ మధ్య సందు చూస్తాడు. వంచి చూస్తాడు. వెలుతురుకి ఎత్తి చూస్తాడు. కొట్టతని నెత్తి వంక చూసి, ఈ మనిషి మాట నమ్మవచ్చా లేదా అని ఆలోచిస్తాడు. చివరికి కొనకుండానే వచ్చేస్తాడు. ఆయన నెత్తి మీద మిగిలిన జుట్టుకి దువ్వెన అంత అత్యవసరం కూడా కాదనుకోండి.

మొగుడి మీద ఈ ఫిర్యాదు ఆమె వినిపించని చుట్టం లేదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆయన వంక ఓరగా చూడాలో అన్నీ కుదుర్చుకుని ఉంది. వినేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు, వాళ్ళతోపాటు ఆయనా నవ్వేవాడు. ఈ మధ్య మాత్రం కొట్టు దాకా వచ్చి ఆపేస్తోంది. మరిచిపోయి కాదు. చెబుతున్న గొంతు ఎవరిదో అనిపించి.

ఆయన ఉద్యోగమంతా ఇళ్ళ ప్లాన్లు గీశాడు. ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏ గోడకి కిటికీ పెడితే పక్కింటివాళ్ళ గొడవ వినబడుతుంది, స్నానాల గది గొట్టం ఎవరి తలగడ వెనక నుంచి పోతుంది, ఇవన్నీ కాగితం చూసి చెప్పేవాడు. రిటైరయ్యాక గీయడానికి ఇళ్ళు లేక, ఉన్న ఇంట్లో బీరువాలు కొలుస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. చుట్టాల్లో ఆయన పేరు కొలతలాయన. అలాంటి మనిషి చేతిలో, వెయ్యికి పైగా గదులున్న ఓడ ప్లాన్ వచ్చి పడింది.

ఓడ ప్రయాణం సరదాకి కాదు. ఆమె అక్క తన చివరి రోజులన్నీ వీళ్ళింట్లోనే గడిపింది. ఊపిరితిత్తుల జబ్బు. వెనక గదిలో అక్కకి మంచం వేసి, దాని పక్కనే ఆమె కింద పరుపు వేసుకుని పడుకునేది. వానలు మొదలయ్యే ముందు అక్క పోయింది. ఆమె ఏడవలేదు. ఏడవడం లేదేమని వచ్చినవాళ్ళంతా ఏడ్చారు. వాళ్ళందరికీ టీ పెట్టింది, ఎవరికి చక్కెర వద్దో గుర్తుపెట్టుకుని మరీ.

ఏడుపు సంగతి సరే, నిద్ర కూడా పోయింది. మంచమెక్కి కళ్ళు మూసుకుంటే, తలుపు మూసినా ఆరని ఫ్రిజ్ లైటులా లోపల ఏదో వెలుగుతూనే ఉండేది. డాక్టరు మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే కాళ్ళూ చేతులూ నిద్రపోయేవి, ఆమె మేలుకుని వాటికి కాపలా ఉండేది. ఒక పొద్దున పాలు పొంగి, పొయ్యి మీద నుంచి గట్టు మీదికి, గట్టు మీద నుంచి పాదం మీదికి కారుతుంటే, ఎవరింట్లో పాలో అన్నట్టు చూస్తూ నిలబడింది. కాలు కాలిందని ఆయన చెప్పాక తెలిసింది.

ఆ రోజు ఆయనకి భయం పట్టుకుంది. ఇలా ఎన్నాళ్ళు నడుస్తుందని డాక్టరుని అడిగాడు. ఎన్నాళ్ళో నడవదన్నాడు డాక్టరు, ఒకసారి చోటు మార్చి చూడమన్నాడు. ఆ నిద్ర ఒక్కటీ వెనక్కి వస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, పక్కింటావిడ గురించి అనుకున్నట్టు.

ఆయన భోజనాల బల్ల మీద ఓడని పరిచాడు. ఒక్కో అంతస్తూ ఒక్కో కాగితం. ఆ బల్ల ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. చప్పుడు చేసే చోటల్లా ఎర్ర పెన్సిలుతో రుద్దుతూ పోయాడు. డాన్సు హాలు ఎర్రన, వంటశాల ఎర్రన, లిఫ్టులు, పిల్లల ఆటల గది ఎర్రన. ఈతకొలను కింద గదులు కూడా ఎర్రనే. తెల్లారకముందే పైన కుర్చీలు ఈడుస్తారట. పక్క గదిలోకి మధ్య తలుపున్నవి కూడా కొట్టేశాడు, ఆ తలుపులు మాటల్ని ఆపవట. ఓడ తోక వైపు కింది అంతస్తుకి వచ్చేసరికి పెన్సిలు అరిగిపోయి మళ్ళీ చెక్కుకోవాల్సి వచ్చింది.

"నీకు బాల్కనీ ఉండాలా, కిటికీ చాలా?" అని అడిగాడు.

"ఏదైనా పర్లేదండీ."

"ఏదైనా అనే గది ఇందులో లేదోయ్."

"ఎందులో పడుకున్నా ఓడ పోయేది ఒకచోటికే కదా."

ఒకప్పుడైతే ఇలాంటి మాటకి ఆయన నవ్వేవాడు, నవ్వించినందుకు ఆమె లోలోపల మురిసిపోయేది. ఇప్పుడు మాట అలవాటు కొద్దీ దానంతట అదే వచ్చింది, కట్టేసిన కుళాయి చివర చుక్కలా.

"నీకు కావాల్సింది నిశ్శబ్దం," అన్నాడాయన పెన్సిలు పక్కన పెట్టి. "ఆ వెనక గదిలో ఆ దగ్గులూ ఆ మూలుగులూ వినీ వినీ నీ నరాలు అరిగిపోయాయి. నాలుగు రోజులు చెవిన ఒక్క చప్పుడు పడకుండా ఉంటే, నిద్ర అదే వస్తుంది."

ఆమె తల ఊపింది. కాదనడానికి ఆమె దగ్గర వేరే సిద్ధాంతమేదీ లేదు.

చివరికి ఓడకి సరిగ్గా నడుమన, పైనా కిందా పక్కలా అన్నీ పడకగదులే ఉన్న చోట, ఒక బాల్కనీ గది మీద వేలు పెట్టాడు. ఇంత తెల్లగా మిగిలిన గది ఓడ మొత్తం మీద ఇంకోటి లేదన్నాడు.

ఆయన చెల్లెలు కూడా బయల్దేరింది. కారు నడపడం నేర్పుతుంది ఆ ఆడపడుచు. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని ప్రాణం అరచేతిలో పెట్టుకోవడం వల్ల కాబోలు, ఇంక దేనికీ కంగారు పడదు. గది ఎంచుకోవడం దండగని, బయల్దేరే ముందు ఏది మిగిలితే అదే ఇవ్వమని కంపెనీవాళ్ళకి చెప్పేసింది.

"ఎక్కడిస్తారో తెలీకుండానే తీసుకున్నావా?" అన్నాడు కొలతలాయన, చెల్లెలు చదువు మానేసిందని విన్నట్టు.

"ఓడలోనే ఇస్తారుగా అన్నయ్యా. వెనకాల తాడు కట్టి ఈడ్చుకెళ్ళరుగా."

ఓడ ఎక్కిన రోజు ఆయన తమ గది తలుపు మూసి, వేలి కణుపులతో గోడలన్నీ తట్టి, మధ్యలో నిలబడ్డాడు.

"విను," అన్నాడు.

"ఏం వినాలి?"

"అదే. ఏమీ లేదు."

నిజంగానే ఏమీ లేదు. అద్దం అవతల సముద్రం, ఎవరో తగిలించి వెళ్ళిన పటంలా ఉంది. దుప్పట్లు ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉన్నాయి. ఆయన ముఖంలో, కొత్త ఇంటి తాళాలు యజమాని చేతిలో పెట్టేటప్పటి వెలుగు. ఆ వెలుగు చూసి తనకి సంతోషం కలగాలని ఆమెకి తెలుసు. ఆ సంతోషం దారిలో ఎక్కడో ఆగిపోయింది.

నిద్ర రాలేదు. మర్నాడు ఆయన తలగడది తప్పన్నాడు, మార్పించాడు. ఆ పైరోజు సాయంత్రం టీ తప్పన్నాడు, మాన్పించాడు. ఆ తర్వాత మంచం మీద ఇద్దరి చోట్లూ మార్చాడు. ఆయన చెప్పినట్టల్లా ఆమె చేసింది. ఆ నిశ్శబ్దంలో ఆమె చెవులు తమంతట తాము దేన్నో వెతుక్కుంటూ ఉండేవి. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా గట్టిగా వెతికేవి.

"ఎలా ఉన్నారు రాజుగారూ రాణిగారూ?" అంది ఆడపడుచు ఒక పొద్దున ఫలహారాల దగ్గర. "నా గది సంగతి విన్నారా? తోక వైపు, అట్టడుగున. ఇంజను మీదే పడుకోబెట్టారు నన్ను. ఒకటే గురగుర. బ్రష్షు గ్లాసులో పెడితే దానంతట అదే తోముకుంటోంది."

"చెప్తే విన్నావా? ప్లాను చూడకుండా తీసుకుంటే అంతే," అన్నాడాయన. ఓడ ఎక్కాక ఆయనకి ఆకలి పుట్టింది అప్పుడే.

"కిటికీ కూడా లేదు. దీపం తీస్తే నా చెయ్యి నాకే కనబడదు. మెలకువ వస్తే తెల్లారిందో నేనే పోయానో..." అని ఆడపడుచు చటుక్కున ఆగి, వదిన ముఖం చూసి, రొట్టె ముక్క నోట్లో కుక్కుకుంది.

"పర్లేదు, పూర్తి చెయ్యి," అంది ఆమె. బాగుందనే అనిపించింది ఆ మాట. నవ్వు మాత్రం రాలేదు.

ఫలహారాలయ్యాక ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, నా కోటుకి గుండీ ఊడింది. నేను కుడితే అది ఇంకెవరి కోటుకో కుట్టినట్టుంటుంది. ఒక్కసారి వచ్చి వెయ్యవా."

ఇద్దరూ లిఫ్టులో కిందికి దిగారు. దిగేకొద్దీ తివాచీలు పల్చబడ్డాయి, నడవాలు ఇరుకయ్యాయి. గదిలో ఒక మంచం, దాని మీద గోడకి మడిచిపెట్టిన ఇంకో మంచం, ఒక కుర్చీ. ఆడపడుచు చెప్పినట్టే బ్రష్షు గ్లాసులో వణుకుతోంది. ఆమె మంచం మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

"మొన్నమొన్నటిదాకా నా దగ్గర నేర్చుకున్నాయన ఒకడున్నాడు," అని ఆడపడుచు మొదలుపెట్టింది. "బ్రేకు వెయ్యమంటే కళ్ళు మూసుకుంటాడు. ఎందుకయ్యా అంటే, చూడలేనండీ అంటాడు."

ఆమె ఊఁ కొట్టింది. చప్పుడు కింద నుంచి వస్తోంది. నేలలోంచి మంచంలోకి, మంచంలోంచి నడుములోకి, అక్కణ్ణుంచి పళ్ళలోకి. సన్నగా, ఆగకుండా. మధ్యమధ్య చిన్న నిట్టూర్పులాంటిది తీసుకుని మళ్ళీ అదే పాట. ఆమె సూది ఆపింది.

అక్క మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఇలాగే మోగేది. అద్దెకి తెచ్చారు, చిన్న బీరువా అంత ఉండేది. అది మోగుతున్నంతసేపూ అక్కకి గాలి అందుతున్నట్టే. ఆ చప్పుడుకి ఒక చెవి అప్పగించి, ఆమె కింద పరుపు మీద హాయిగా నిద్రపోయేది. మోతలో ఏ కాస్త తేడా వచ్చినా లేచి కూర్చునేది. అక్క పోయిన మర్నాడు పొద్దున్నే మిషన్‌వాళ్ళని పిలిపించాడు ఆయన. "నాలుగు రోజులు ఉండనివ్వండి," అంది ఆమె. "దేనికి?" అన్నాడాయన. దేనికో ఆమెకి తెలియలేదు. మనుషులు చక్రాల బండి మీద దాన్ని తోసుకుపోయారు. గేటు దాటేదాకా చక్రాల చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. అందరూ ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు.

"...నేను కూడా కళ్ళు మూసుకుంటే మనిద్దర్నీ ఎవరు చూస్తారయ్యా అన్నాను," అంటోంది ఆడపడుచు.

"కాసేపు నడుం వాల్చనా?" అంది ఆమె.

జవాబు వినలేదు.

కళ్ళు తెరిచేసరికి గదిలో చిన్న దీపం ఒక్కటే ఉంది. బయట పగలో కాదో తెలిసే దారి లేదు. ఒంటి మీద ఎవరో దుప్పటి కప్పారు. కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. చోటు చాలక ఆయన మోకాళ్ళు మంచానికి ఆనుకున్నాయి. ఆమె చేతిలో ఉండాల్సిన సూది, దారంతో సహా, ఆయన వేళ్ళ మధ్య జాగ్రత్తగా ఉంది. తలుపుకి చేరగిలబడి ఆడపడుచు నిలబడింది.

"ఎంతసేపయింది?" అంది ఆమె. నోరు ఎండిపోయి ఉంది.

"మధ్యాహ్నం భోజనాలయ్యాయి, టీలయ్యాయి, మళ్ళీ భోజనాలకి రమ్మంటున్నారు," అంది ఆడపడుచు. "నేను ఫోన్ చేస్తే అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. అప్పట్నుంచీ నన్ను దగ్గనివ్వలేదు, తుమ్మనివ్వలేదు. నీ గురక విని పక్కగదివాళ్ళు రెండో ఇంజను వేశారనుకుని ఉంటారు వదినా."

ఆమె లేచి కూర్చుంది. ఒళ్ళు తడిసిన పరుపంత బరువుగా ఉంది. ఏడుపు ఇంకా రాలేదు. దాని జాడ కూడా లేదు. కానీ మెడ మీద కాస్త చెమట, కాలి మీద పాతబడ్డ కాలిన మచ్చ దురద, ఇవి మాత్రం తనవేనని తెలుస్తోంది.

ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించాడు, నాడి చూసినట్టు.

"అసలు ఈ గది ఎవరికీ ఇవ్వకూడదు," అన్నాడు. "అడుగున చప్పుడు ఆపే పొర ఏదీ లేదు. చప్పుడు నేరుగా ఎక్కేస్తోంది. ఇక్కడ నీకు నిద్రెలా పట్టిందోయ్?"

"అక్క మిషన్‌లా ఉందండీ."

ఆయన చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. కొంచెంసేపు ముగ్గురూ ఆ మోత విన్నారు. గ్లాసులో బ్రష్షు కూడా తన వంతు తాను వినిపించింది.

"అయితే గదులు మార్చుకుందాం," అంది ఆడపడుచు. "మీరిద్దరూ ఇక్కడ ఉండండి. ఆ బాల్కనీ, ఆ ప్రశాంతత, ఆ మెత్తటి తలగడలు, ఆ కష్టాలేవో నేను పడతాను. అన్నయ్యా, నువ్వు పై మంచం. ఎక్కగలవా, నిచ్చెన కొలుస్తావా?"

ఆయన నవ్వలేదు. ఆమె వంక చూస్తున్నాడు.

"మిషన్ నాలుగు రోజులు ఉండనివ్వమన్నావు నువ్వు," అన్నాడు.

"అన్నాను."

"'దేనికి?' అన్నాను నేను."

"నాకూ తెలీదు కదండీ అప్పుడు."

"నీకు తెలీకపోతే మాత్రం. అడిగింది నువ్వు." ఆయన సూదిలోని దారాన్ని వేలికి చుట్టి మళ్ళీ విప్పాడు. "ఆ మోత వింటే నీకు మీ అక్కగారే గుర్తొస్తారు, తట్టుకోలేవు అనుకున్నాను. అందుకే తెల్లారగానే పంపించేశాను. మళ్ళీ ఈ ఓడంతా జల్లెడ పట్టి, ఏ చప్పుడూ లేని గది తెచ్చి నీకిచ్చాను."

"మంచిగదే అండీ అది."

"కాదు," అన్నాడాయన. చెల్లెలు ఉందని చూసుకోలేదు, గొంతు తగ్గించలేదు. "నువ్వు ఉండనివ్వమన్నా వినకుండా మిషన్ పంపించడం తప్పు. నీకేం కావాలో అడక్కుండా ఆ గది తియ్యడమూ తప్పే. తప్పు నాదేనోయ్."